థార్, బొలెరో లోపల మోత తగ్గాలంటే ఏది వేయించాలి?

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వైపు ఎన్‌హెచ్ 16 మీద గంటకి 90 కి.మీ. వేగంతో థార్‌లో వెళ్తుంటే పక్క సీట్లో ఉన్న మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడాలి. ఫోన్ స్పీకర్‌లో పెడితే అవతలి వాళ్లకి హోరు తప్ప మాట వినపడదు. పాత బొలెరో అయితే ఆ బాధ 70 దగ్గరే మొదలవుతుంది. అందుకే ఈ మధ్య మన వైపు కూడా "డ్యాంపింగ్ వేయిస్తే తగ్గుతుందా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. డ్యాంపింగ్ అంటే చప్పుడు తగ్గడానికి బండి లోపలి రేకుల మీద షీట్లు వేయించడం. షాపులో అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు ఒక్కటే: ఫుల్ ప్యాకేజీ. నేల, తలుపులు, పైకప్పు, డిక్కీ, బానెట్, అన్నీ కలిపి ఒకే రేటు.

ఫుల్ ప్యాకేజీ మనలో చాలామందికి అక్కర్లేదని నా అభిప్రాయం. సాలూరు దాటి సుంకి ఘాట్ రోజూ ఎక్కే బండిలో వినపడే చప్పుడు వేరు. హైవే మీద పరిగెత్తే బండిలో వినపడేది వేరు. టెక్కలి, ఆమదాలవలస చుట్టుపక్కల ఊళ్ల సీసీ రోడ్ల మీద తిరిగే బండిది ఇంకో రకం. దారిని బట్టి చప్పుడు మారుతుంది, కాబట్టి వేయించే సామాను కూడా మారాలి. ఒకే ప్యాకేజీ ముగ్గురికీ అమ్మితే లాభపడేది షాపే.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది?

డబ్బు తీసే ముందు ఒక పూట పరీక్షలకి పెట్టండి. బండిని ఇంటి ముందు నిలబెట్టి, అద్దాలు మూసి, ఇంజిన్‌ని 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి వినండి. రోడ్డు మీద మిమ్మల్ని విసిగించే మోత ఇదేనా? అయితే అది ఇంజిన్‌ది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆ వేగంలో సెకనుకి సుమారు 67 సార్లు పేలుస్తుంది. ఇప్పటి బొలెరోలో ఉన్న మూడు సిలిండర్ల ఇంజిన్ అయితే 50 సార్లు. చెవి కన్నా ముందు కడుపులో తెలిసే గుమ్‌మనే మోత ఇదే. ఇలాంటి బరువు స్వరం తరంగం పొడవు 5 నుంచి 7 మీటర్లు ఉంటుంది. 10 మి.మీ. ఫోమ్ అతికించి దాన్ని ఆపుతామంటే అది ఫోమ్‌కి నవ్వొచ్చే మాట. ఈ మోత ఎక్కువగా ఉంటే ముందు ఇంజిన్ మౌంటింగ్‌లు, సైలెన్సర్ వేలాడే రబ్బర్లు చూపించండి. థార్, బొలెరో, స్కార్పియో, గూర్ఖా, జిమ్నీ అన్నీ ఛాసిస్ మీద బాడీ బిగించిన బండ్లే. ఆ రెండిటి మధ్యలో ఉండే రబ్బరు దిమ్మలు, అంటే బాడీ బుష్‌లు, ఎండిపోయి పగిలితే ఛాసిస్ వణుకు తిన్నగా నేల రేకులోకి వచ్చేస్తుంది. పదేళ్లు దాటిన బండిలో బుష్‌లు మార్చకుండా షీట్లు వేయించడం దండగ.

నిలబెట్టినప్పుడు పెద్దగా లేని చప్పుడు పరుగులో మాత్రమే వస్తుంటే అది టైర్లదో, గాలిదో, చక్రాల బేరింగులదో. రోడ్డు మారినప్పుడు చప్పుడు మారితే టైర్లు. నున్నటి తారు మీద తగ్గి, గీతలు గీసిన సీసీ రోడ్డు ఎక్కగానే గుయ్‌మంటే ఇక సందేహం అక్కర్లేదు. వంపు తిరిగేటప్పుడు ఒక వైపు తిప్పితే పెరిగి, ఇంకో వైపు తిప్పితే తగ్గే ఊళ హబ్ (చక్రం) బేరింగ్‌ది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు ఇంకో స్వరం వస్తుంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్, వైపు చూడాలి. ఇవి మెకానిక్ పనులు. బేరింగ్ ఊళని షీట్ల కింద కప్పెడితే వినపడటం మానేస్తుందేమో గానీ, అరగడం మానదు.

ఫోన్‌లో దొరికే సౌండ్ మీటర్ యాప్ చూపే అంకె కచ్చితమైంది కాకపోయినా ముందూ తర్వాతా పోల్చుకోవడానికి పనికొస్తుంది. అదే రోడ్డు ముక్క, అదే వేగం, ఏసీ ఫ్యాన్ అదే నంబరు, ఫోన్ అదే చోట, పక్కవాళ్ల చేతిలో. 3 డెసిబెల్స్ తగ్గితే చెవికి కొంచెం తేడా తెలుస్తుంది. 10 తగ్గితే చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. షీట్లు ఒక్కటే వేసి 10 తగ్గిస్తామని హామీ ఇచ్చే చోట జేబు జాగ్రత్త.

సందులు మూయడం: తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం

పోలికలో మొదటి స్థానం నేను ఏ షీటుకీ ఇవ్వను, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి, అంటే బీడింగ్‌కి, ఇస్తాను. లెక్క చూడండి: ఒక గోడలో నూటికి ఒక వంతు జాగా ఖాళీగా ఉంటే, ఆ గోడని ఇనుముతో కట్టినా సీసంతో కట్టినా మొత్తం మీద 20 డెసిబెల్స్ కన్నా ఎక్కువ ఆపలేదు. మిగిలిన 99 వంతుల మీద ఎంత ఖర్చు పెట్టినా ఆ ఒక్క వంతు లోంచే చప్పుడు వచ్చేస్తుంది. నాలుగైదేళ్ల థార్‌లో, బొలెరోలో ఇలాంటి సందులు వెతకాల్సిన పని కూడా ఉండదు, చేతికే తగులుతాయి.

తలుపు రబ్బరు మధ్య కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు. తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడండి, ముఖ్యంగా అద్దం వెనక పై మూల. రాత్రి పూట లోపల ఒకరు టార్చ్ పట్టుకుని తిప్పుతుంటే బయటి నుంచి వెలుగు కనపడే చోటు ఇంకో దొంగ. హైవే మీద గాలి ఈల వస్తుంటే, తలుపు సందుల మీద బయటి నుంచి మాస్కింగ్ టేప్ అంటించి అదే వేగంలో ఒకసారి వెళ్లి రండి. ఈల పోతే జబ్బు దొరికినట్టే.

అరిగిన అసలు బీడింగ్ తీసి కంపెనీదే కొత్తది వేయించడం మంచిది. దాని మీద ఇంకో వరస అంటించాలనుకుంటే 'డి' ఆకారం బోలు ఈపీడీఎం రబ్బరు (ఎండకి తట్టుకునే రకం) తీసుకోండి. రోడ్డు పక్కన మీటర్ల లెక్కన అమ్మే స్పాంజి పట్టీ మన ఎండకి ఒక వేసవిలో పొడిపొడి అవుతుంది. మరీ లావు రబ్బరు వేస్తే తలుపు గట్టిగా విసిరితే గానీ పడదు, లాక్ మీద భారం పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కే బండి అయితే ఇది గుర్తుంచుకోవాలి.

కింద రెండు చోట్లు చాలామంది మర్చిపోతారు. గేరు లివర్, ఫోర్ బై ఫోర్ లివర్ చుట్టూ ఉండే రబ్బరు బూటు చిరిగితే గేర్‌బాక్స్ రొద, వేడి, దుమ్ము మూడూ కలిసి లోపలికి వస్తాయి. ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య రేకులోంచి వైర్లు వచ్చే రంధ్రాలు ఇంకొకటి. ఎక్స్‌ట్రా లైట్లు, హారన్లు బిగించినవాళ్లు రంధ్రంలో ఉండే రబ్బరు బిళ్ల (గ్రోమెట్) లాగేసి అలా వదిలేస్తారు. వాటిని మూయడానికి అయ్యే ఖర్చు ఒక పూట టిఫిన్ డబ్బులు.

ఇక పైన ఖాళీగా తిరిగే క్యారియర్, ముందు అద్దం మీద అడ్డంగా బిగించిన ఎల్‌ఈడీ బార్. అందం కోసం పెట్టుకున్నారు, కాదనను. కానీ 80 దాటాక వచ్చే ఊళలో వాటి వాటా చిన్నది కాదు. తీసి ఒకసారి నడిపి చూడండి. పైసా ఖర్చు లేదు.

టైర్ల సంగతి

లావు గడుల మడ్ టెర్రైన్ (ఎంటీ) టైర్లు, అంటే బురద దారులకి చేసినవి, వేసుకుని లోపల డ్యాంపింగ్ చేయించడమంటే కుళాయి విప్పి ఉంచి నేల తుడవడమే. ఆ టైర్లు అవసరమైనవాళ్లు మన వైపు ఉన్నారు. వానాకాలంలో పొలం గట్లు, కొండ ఊళ్ల మట్టి బాటలు తప్పనివాళ్లు, కలింగపట్నం, భావనపాడు ఇసుకలో బండి దింపేవాళ్లు. వీళ్లలో కూడా ఇసుకకి గాలి తగ్గించుకోవడం ముఖ్యం గానీ ఎంటీ టైరు తప్పనిసరి కాదు. మిగతావాళ్లకి అన్ని దారులకీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ (ఏటీ) చాలు. బండి ఎప్పుడూ రోడ్డు దిగదంటే హైవే టెర్రైన్ టైర్లు ఇంకా నిశ్శబ్దం. ఎంటీ నుంచి ఏటీకి మారితే వచ్చే మార్పు క్యాబిన్ నిండా షీట్లు వేసినా రాదని నేను గట్టిగా చెప్తాను.

కొత్త టైర్లు ఇప్పుడే కొనే ఉద్దేశం లేకపోతే ఉన్నవాటిని అరచేత్తో నిమిరి చూడండి. ఒక దిశలో నున్నగా, తిరగేసి నిమిరితే రంపంలా గుచ్చుకుంటే అరుగుదల సరిగ్గా లేదు. అలైన్‌మెంట్ చేయించి, ముందూ వెనకా మార్పించండి. గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి.

సామాను పోలిక

ఇక షీట్ల దగ్గరికి వద్దాం. షాపులో అన్నిటినీ కలిపి "డ్యాంపింగ్" అంటారు గానీ అవి చేసే పనులు మూడు: రేకు వణుకు ఆపడం, బయటి చప్పుడుకి అడ్డుపడటం, లోపలికి వచ్చిన చప్పుడుని పీల్చడం. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

రేకు వణుకు ఆపేవి బ్యుటైల్ (జిగురు రబ్బరు), బిట్యుమెన్ (తారు) షీట్లు. స్టీలు కంచాన్ని కొట్టి వేలితో పట్టుకుంటే మోత ఆగిపోతుంది కదా, ఇవి చేసేదీ అదే. వీటి విషయంలో షాపులు చెప్పని మాట ఒకటుంది: రేకు మొత్తం కప్పాల్సిన పని లేదు. ప్యానెల్ మధ్యలో, వేళ్లతో కొడితే డమడమమనే చోట, పావు నుంచి సగం జాగా కప్పితే ఫలితంలో చాలా భాగం వచ్చేస్తుంది. మిగతా సగానికి పెట్టే డబ్బుకి వచ్చే లాభం తక్కువ, బరువు మాత్రం పూర్తిగా పెరుగుతుంది. 2 మి.మీ. బ్యుటైల్ షీటు చదరపు మీటరుకి సుమారు మూడున్నర కిలోలు తూగుతుంది. క్యాబిన్ అంతా కప్పితే ఒక మనిషి బరువులో సగం బండికి తగిలించినట్టే.

బ్యుటైలా, బిట్యుమెనా అంటే మన ఎండలకి పైకప్పులో, తలుపుల్లో బ్యుటైల్ తప్ప ఇంకోటి వద్దు. బిట్యుమెన్ అంటే తారే. మే నెలలో బండి ఎండలో నిలబెడితే పైకప్పు రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది, వాసన కొడుతుంది, ఊడిపడితే సీలింగ్ గుడ్డ మీద మరక. నేల మీద మాత్రం దాన్ని పూర్తిగా తీసిపారేయలేం. చాలా కంపెనీలు ఫ్యాక్టరీలోనే నేల రేకు మీద తారు జాతి ప్యాడ్లు వేడితో అంటిస్తాయి. అక్కడ జారిపడే బాధ లేదు. బడ్జెట్ తక్కువైతే నేలకి బిట్యుమెన్, తలుపులకి బ్యుటైల్ అనే బేరం తప్పేమీ కాదు.

బ్యుటైల్ పేరుతో తారు అంటగట్టేవాళ్లు ఉంటారు. ముక్క కత్తిరించి వాసన చూడండి, కొత్తగా వేసిన రోడ్డు వాసన వస్తే అది తారే. అసలు బ్యుటైల్ లాగితే సాగుతుంది, తారు షీటు తెగుతుంది. పైన ఉండే అల్యూమినియం రేకు కూడా చూడాలి. 100 మైక్రాన్ల రేకు గోరుతో గీస్తే చిరగదు. పల్చటి వెండి రంగు ప్లాస్టిక్ అంటించిన షీటు చూపుకి మాత్రమే. వణుకుని నలిపేసేది ఆ రేకూ కింది జిగురూ కలిసి, రేకు బలహీనమైతే జిగురు ఒక్కటే చేయగలిగింది తక్కువ. అన్నిటికన్నా సులువైన పరీక్ష తూకం. 50 సెం.మీ. వెడల్పు, 80 సెం.మీ. పొడవు, 2 మి.మీ. మందం ఉన్న మంచి షీటు 1.3 - 1.4 కిలోల దగ్గర ఉండాలి. కిలో కన్నా తక్కువ తూగితే మందం తక్కువైనా అయ్యుండాలి, సరుకు తక్కువైనా అయ్యుండాలి.

రెండో రకం అడ్డుగోడ. దీనికి మాస్ లోడెడ్ వినైల్, అంటే బరువు కలిపిన ప్లాస్టిక్ షీటు, షాపు భాషలో ఎంఎల్‌వీ. ఇక్కడ గొప్పదనమంతా బరువుదే. బండి రేకు 0.8 మి.మీ. మందం అనుకుంటే చదరపు మీటరుకి 6.3 కిలోలు. దాని మీద 5 కిలోల ఎంఎల్‌వీ పరిస్తే బరువు దాదాపు రెట్టింపు, బరువు రెట్టింపైతే లోపలికి వచ్చే చప్పుడు 5 - 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇది రేకుకి అంటుకోకూడదు. మధ్యలో 6 మి.మీ. మెత్తటి ఫోమ్ ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. ముక్కలు ముక్కలుగా కాకుండా, అతుకుల దగ్గర సందు లేకుండా పరవాలి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎంఎల్‌వీ అడిగితే చాలా షాపుల్లో తెప్పించాలంటారు. దొరక్కపోతే 4 మి.మీ. మందం గట్టి రబ్బరు మ్యాటు కూడా దాదాపు అంతే తూగుతుంది. చదరపు మీటరు బరువు సరిపోతే పని జరుగుతుంది, పేరు ఏదైనా ఫర్వాలేదు. కాకపోతే చవక రబ్బరు ఎండలో కంపు కొడుతుంది. కొనే ముందు ముక్కని ఒక మధ్యాహ్నం డాబా మీద పడేసి చూసుకోండి.

మూడోది చప్పుడు పీల్చే ఫోమ్, ఫెల్ట్ (నొక్కి చేసిన నార దుప్పటి). ఏసీ పైపులకి చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు మన ఊళ్లలోనే ఏసీ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. నీళ్లు పీల్చదు, వేడిని బాగా ఆపుతుంది, ప్లాస్టిక్ ప్యానెళ్ల కటకట తగ్గిస్తుంది. చప్పుడు విషయంలో మాత్రం దీని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. సోఫా ఫోమ్ లాంటి పీయూ స్పాంజి టైర్ల హోరు లాంటి పై స్వరాలని కొంత పీలుస్తుంది గానీ నీళ్లని అంతకన్నా బాగా పీలుస్తుంది. జిమ్ మ్యాట్లు, బబుల్ షీట్లు, థర్మోకోల్: వద్దు.

ఫెల్ట్ గురించి మన వైపు కాస్త ఆగి మాట్లాడాలి. నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న ప్రాంతం మనది, గోగునార పండించిన నేల. "కంపెనీ కార్పెట్ కింద కూడా నార ఫెల్టే కదా వేస్తుంది, మనకి చవకగా దొరుకుతుంది కదా" అనే మాట చాలాసార్లు విన్నాను. మాట నిజమే. నార ఫెల్ట్ చప్పుడుని బాగా పీలుస్తుంది. పొడిగా ఉండే చోట, అంటే పైకప్పు గుడ్డ వెనక, వెనక సీటు పక్క ప్యానెళ్ల లోపల, ఇంత చవకలో ఇంత మంచి సామాను ఇంకోటి లేదు. కానీ నేల మీద వద్దు. గోనె సంచులు మడిచి బొలెరో మ్యాట్ల కింద పరిచేవాళ్లని చూస్తూనే ఉంటాం. తడి కాళ్లతో ఎక్కుతాం, వానకి తలుపు రబ్బరు కారుతుంది, చేపల బుట్ట పెడతాం. ఆ తేమంతా గోనె పట్టుకుని రేకుకి అంటిపెట్టుకుని ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాకి 193 కి.మీ. తీరం ఉంది, ఉప్పు గాలి సరేసరి. రెండు వానాకాలాలు గడిచాక మ్యాటు ఎత్తితే రేకు ఉండాల్సిన చోట రోడ్డు కనపడొచ్చు. నేలకి ఫెల్టే కావాలంటే నీళ్లు పీల్చని పాలియెస్టర్ రకం తీసుకోండి.

ఇంకో మాట. లోపల వేసే ఏ సామానైనా అగ్గిపుల్లకి ఎలా మండుతుందో బయట ఒక చిన్న ముక్కతో చూసుకోండి. మంట తీశాక కూడా కరిగి చుక్కలుగా రాలుతూ మండేది బండిలోకి రాకూడదు. బండి లోపలి సామాను మంట పట్టే తీరుకి మన దేశంలో ఐఎస్ 15061 అనే ప్రమాణం ఉంది. ప్యాకెట్ మీద అది ఉంటే మంచిది.

నేలా, తలుపులా, పైకప్పా?

బడ్జెట్ ఒక్కదానికే ఉంటే, హైవే బండికి ముందు తలుపులు రెండూ. చెవికి దగ్గర, పని సులువు, స్పీకర్ల మోత కూడా మెరుగుపడుతుంది. తలుపు బయటి రేకు మీద సగం కప్పేలా బ్యుటైల్, లోపలి చట్రంలో పెద్ద రంధ్రాల మీద మూత, డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు మూత) వెనక పల్చటి నైట్రైల్ ఫోమ్. ఇంతే. తలుపు లోపలికి వాన నీళ్లు రావడం మామూలే, అవి అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి పోతాయి. షీటు వాటిని మూస్తే తలుపు తొట్టె అవుతుంది, అడుగు నుంచి తుప్పు మొదలవుతుంది. కొన్ని బండ్లలో తలుపు లోపల ఎయిర్‌బ్యాగ్ ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. రంధ్రాలు మూసే ముందు అది మీ మోడల్‌లో ఉందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఘాట్ బండికి నేల. సాలూరు నుంచి కొరాపుట్ వైపు ఎక్కేటప్పుడు రెండో గేరు, మూడో గేరులో ఇంజిన్ పైనే తిరుగుతుంది, గాలి చప్పుడు లేనే లేదు. రొద వచ్చేది డ్యాష్‌బోర్డు కింద రేకు నుంచి, గేర్‌బాక్స్ మీది గూడు నుంచి. ముందు సీట్ల కింద నుంచి కాళ్ల దగ్గర పైకి ఎంత దూరం వీలైతే అంత దూరం ఎంఎల్‌వీ పరవాలి. మ్యాటు కింద వేడి తగ్గడం అదనపు లాభం, డీజిల్ బండ్లలో ఎడమ కాలికి తెలుస్తుంది. సైలెన్సర్ పోయే గొట్టం పైన తారు షీటు మాత్రం వేయించొద్దు. థార్ నేలలో నీళ్లు వదిలే ప్లగ్‌లు ఉంటాయి, వాటి మీద ఏదీ అంటించకూడదు.

ఊళ్లలో, మట్టి రోడ్ల మీద తిరిగే బండికి వెనక చక్రాల గూళ్లు. గులకరాళ్లు తగిలే టకటక అక్కడిదే. లోపలి వైపు బ్యుటైల్, బయటి వైపు రబ్బరైజ్డ్ అండర్ కోటింగ్. చప్పుడు తగ్గినా తగ్గకపోయినా ఉప్పు గాలి ఊళ్లో అండర్ కోటింగ్ డబ్బులు వృథా కావు. తుప్పు మీద కోటింగ్ కొట్టేస్తే మాత్రం లోపల తుప్పు తన పని తాను చేసుకుంటుంది.

పైకప్పు వాన కోసం. జూన్ నుంచి అక్టోబరు వరకు మనకి వానలు, ఆ చివర్లో తుఫానులు. రేకు మీద వాన పడితే లోపల మాట వినపడదు. పైకప్పు మధ్యలో బ్యుటైల్ ముక్కలు, దాని మీద నైట్రైల్ ఫోమ్ వేస్తే డప్పు లాంటి మోత పోయి మెత్తటి చప్పుడు మిగులుతుంది. వేసవిలో ఏసీకి కూడా ఊపిరి. హైవే హోరుకి మాత్రం పైకప్పు పెద్దగా చేసేది లేదు. పక్కల కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న జిమ్నీ, థార్ రాక్స్ లాంటి బండ్లలో పైకప్పు అంచుల్లో, స్తంభాల్లో ఫోమ్ కుక్కనివ్వకండి, బ్యాగు విచ్చుకునే దారి అది.

బానెట్ కింద వేసే షీటు గురించి రెండు ముక్కలు: బయటివాళ్లకి చప్పుడు తగ్గుతుంది, లోపల మీకు దాదాపు తెలియదు. ప్యాకేజీలోంచి దాన్ని తీసేయించి ఆ డబ్బు బీడింగ్‌కి పెట్టండి.

ఏ బండికి ఏది

సాఫ్ట్ టాప్ థార్ ఉన్నవాళ్లకి సూటిగా చెప్తాను: షీట్ల మీద ఖర్చు పెట్టొద్దు. పైన ఉన్న గుడ్డ చదరపు మీటరుకి కిలో అటూఇటూ, రేకు 6 కిలోల పైన. నేలనీ తలుపులనీ ఎంత గట్టి చేసినా చప్పుడు పై నుంచి దర్జాగా దిగుతుంది. లివర్ బూట్లు, బీడింగ్, నేల మీద బరువు మ్యాటు, అంతవరకే. అంతకన్నా కావాలంటే హార్డ్ టాప్. బయట ఫైబర్ టాప్ బిగించుకునే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. హార్డ్ టాప్ ఇప్పటికే ఉన్నవాళ్లు లోపల పైకప్పుకి బిగించే హెడ్‌లైనర్ ప్యానెళ్లు పెట్టించుకుంటే వాన మోతకీ, లోపల మాట ప్రతిధ్వనించడానికీ మంచి మందు. ఆ తర్వాత ముందు తలుపులు.

బొలెరోకి నా లెక్క: బుష్‌లు, మౌంటింగ్‌లు, తలుపుల బీడింగ్, ఆ తర్వాత నేల. పలాసలో మా పిన్ని కొడుకు జీడిపప్పు సంచులు మోసే పాత బొలెరోకి ఫుల్ ప్యాకేజీ అడిగితే, "ముందు ఆ వెనక తలుపు రబ్బరు మార్పించరా తమ్ముడూ, తర్వాత మాట్లాడదాం" అన్నాను. తర్వాత వాడు ఇక ఫోన్ చేయలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి వరద నీళ్లు చూసిన సెకండ్ హ్యాండ్ బండి అని అనుమానం ఉంటే, షీట్ల సంగతి తర్వాత, ముందు కార్పెట్ పూర్తిగా ఎత్తించి రేకు చూడండి. తడి, తుప్పు ఉన్న రేకు మీద షీటు వేయడమంటే తుప్పుకి దుప్పటి కప్పడం.

జిమ్నీ పెట్రోలు ఇంజిన్, డీజిల్ గుమ్‌ అనే మోత లేదు. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో హైవే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరగడం, నిలువు అద్దానికి గాలి కొట్టడం, ఇవి రెండే దాని బాధలు. ముందు తలుపులు, డ్యాష్‌బోర్డు కింద రేకు చాలు. గూర్ఖాకి స్నార్కెల్, అంటే ఇంజిన్‌కి పై నుంచి గాలి తెచ్చే గొట్టం, ఉంది. ఇంజిన్ గాలి పీల్చే చప్పుడు మీ అద్దం పక్కనే వినిపిస్తే అది షీట్లకి లొంగేది కాదు, దాన్ని బండి గొంతుగా ఒప్పుకోవాలి. స్కార్పియోలో మామూలుగా చక్రాల గూళ్లు, వెనక డోర్ సరిపోతాయి.

షాపులో అడగాల్సినవి

పని పొడి వాతావరణంలో చేయించండి, మన తీరంలో డిసెంబరు నుంచి మే లోపు. వానాకాలంలో రేకు మీద చెమ్మ ఆరకుండానే షీటు పడితే ఆ చెమ్మ అక్కడే ఉండిపోతుంది. రేకుని స్పిరిట్‌తో తుడిచి, షీటు అంటించాక చేతి రోలర్‌తో ప్రతి అంగుళం నొక్కాలి. చేత్తో అదిమి వదిలేస్తే గాలి బుడగలు మిగిలి, ఆ చోట షీటు బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు. రోలర్ లేని షాపులో పని అప్పగించకండి. రేటు ప్యాకేజీ లెక్కన కాకుండా షీట్ల లెక్కన మాట్లాడుకోండి. ఎన్ని షీట్లు, ఏ మందం, ఏ ప్యానెల్‌కి ఎన్ని. ప్యాడ్లు మళ్లీ బిగించే ముందు ఫొటోలు తీయించుకోండి, వీలైతే అక్కడే కూర్చోండి. వారంటీలో ఉన్న బండి అయితే వైర్లు కోయకూడదని ముందే చెప్పాలి.

డోర్ ప్యాడ్ క్లిప్పులు తీసేటప్పుడు కొన్ని విరగడం మామూలే. పాతవే జిగురు పెట్టి అంటిస్తే నెల తిరక్కుండా తలుపులోంచి కొత్త కటకట మొదలవుతుంది, డ్యాంపింగ్ చేయించింది అందుకు కాదు కదా. కొత్త క్లిప్పులు ముందే తెప్పించి ఉంచమనండి. బండి తీసుకునేటప్పుడు అద్దాలన్నీ పూర్తిగా దించి ఎత్తి చూడండి, లాక్‌లు వేసి తీయండి, స్పీకర్లు మోగించండి. చివరగా ఒక్కో తలుపు అద్దం మీద చెంబెడు నీళ్లు పోయండి. తలుపు అడుగు నుంచి నీళ్లు కారాలి, లోపల కాళ్ల దగ్గర చుక్క పడకూడదు. మిగిలిన డబ్బు ఆ తర్వాత ఇవ్వండి.